కౌంటర్ మీది యాంటీఆక్సిడెంట్ మాత్రలు: ఏది పనికొస్తుంది, ఏది దండగ

ఊరేదైనా మెడికల్ షాపు కౌంటర్ మీద చేతికందేంత దూరంలో నాలుగు సరుకులు ఉంటాయి. నారింజ రుచి విటమిన్ సి బిళ్లల అట్ట, ఆకుపచ్చ విటమిన్ ఈ గుళికలు, 'యాంటీఆక్సిడెంట్' అని పెద్దక్షరాలతో రాసిన ఎర్రటి సాఫ్ట్‌జెల్స్, ఈమధ్య వచ్చిన గ్లూటాథయోన్ బిళ్లల గొట్టాలు. ఈ చివరి బిళ్లలు నీళ్లలో వేస్తే బుసబుసమని కరుగుతాయి. నాలుగింటిదీ ఒకటే మాట: ఫ్రీ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్‌తో తిరుగుతూ పక్క అణువులను కరిచేవి) నుంచి కణాలను కాపాడతాం. ఏదడిగినా చీటీ లేకుండానే చేతిలో పెడతారు. ఒకే సరుకు పది పేర్లతో వస్తుంది కాబట్టి ఇక్కడ కంపెనీల జోలికి పోలేదు. లోపలున్న మందేమిటి, ఏ రూపంలో ఉంది, ఎంత ఉంది, ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది అన్నవే చూశాం. పోలికకి తోపుడు బండి మీది జామకాయను కూడా పక్కన పెట్టాం. ఈ నాలుగింటికీ గట్టి పోటీ అదే.

ఓపిక లేనివాళ్లకి తీర్పు ముందే చెప్పేస్తున్నాం. విటమిన్ సి పర్వాలేదు, కానీ రోజుకొకటి మించితే దండగ. విటమిన్ ఈ 400 డాక్టరు రాస్తేనే. ఎర్ర సాఫ్ట్‌జెల్ వద్దు, పొగ తాగేవాళ్లకైతే అసలే వద్దు. గ్లూటాథయోన్ ఖరీదైన సోడా.

కణం లోపల జరిగేది వేరు

డబ్బా మీది బొమ్మలో కణం చుట్టూ గుండ్రటి డాలు ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఎర్ర బాణాలు దానికి తగిలి రాలిపోతుంటాయి. బొమ్మ బాగుంది కానీ తప్పు. ప్రమాదంలో ఎక్కువ భాగం బయటి నుంచి రాదు, లోపలే పుడుతుంది. మనం తిన్న తిండిలోంచి తీసిన ఎలక్ట్రాన్లను కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా చేతులు మార్చుకుంటూ చివరికి ఆక్సిజన్‌కి అప్పజెబుతుంది. ఒక ఆక్సిజన్ అణువుకి నాలుగు ఎలక్ట్రాన్లు పూర్తిగా ముడితే నీరవుతుంది, గొడవ లేదు. దారిలో ఒకటి జారి ఒంటరిగా ఆక్సిజన్‌కి తగులుకుంటే అది సూపరాక్సైడ్. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైము పేరు సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేజ్. దాని పని ఇదీ అని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ చూపించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తనంతట తాను మెతకదే. దానికి విడిగా తిరిగే ఫెర్రస్ ఇనుము ఎదురైతేనే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇది 1894 నుంచి తెలిసిన ఫెంటన్ చర్య.

ఈ హైడ్రాక్సిల్ దగ్గరే మాత్రల ప్రకటనలన్నీ బోల్తా పడతాయి. అది నానోసెకన్లలో పక్కనున్న దేనినైనా, డీఎన్ఏ కానీ ప్రొటీన్ కానీ కొవ్వు కానీ, కరిచేస్తుంది. కణంలో ప్రతి అణువూ దానితో దాదాపు ఒకే వేగంతో చర్య జరుపుతుంది. లక్షల అణువుల మధ్య గుప్పెడు విటమిన్ అణువులు ముందుగా దూకి దాన్ని పట్టుకోవడం కుదరదు. పుట్టాక పట్టుకోలేమని కణానికి తెలుసు, అందుకే పుట్టనివ్వకుండా చూస్తుంది. క్యాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు పెరాక్సైడ్‌ని అక్కడికక్కడే నీరుగా మార్చేస్తాయి. ఇనుమును ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రొటీన్లు తాళం వేసి ఉంచుతాయి. అసలు కాపలా ఇదే. ఇది ఏ సీసాలోనూ దొరకదు.

మరి విటమిన్లు ఎక్కడ పనికొస్తాయి? కణం పొరలో. అక్కడి కొవ్వు ఆమ్లాల్లో రెండు డబుల్ బాండ్ల మధ్య ఉండే హైడ్రోజన్‌కి పట్టు తక్కువ. ఒక రాడికల్ దాన్ని లాగేస్తే ఆ చోట ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది, అది పెరాక్సిల్ రాడికల్ అవుతుంది. అది పక్క కొవ్వు నుంచి హైడ్రోజన్ లాగుతుంది, అది ఆ పక్కదాని నుంచి. వేసవిలో తాటాకు ఇళ్ల వరస అంటుకున్నట్టు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. ఆ వరసలో సుమారు వెయ్యి కొవ్వు అణువులకి ఒక విటమిన్ ఈ అణువు కాపలా ఉంటుంది. పక్క కొవ్వు కంటే ఎన్నో రెట్లు వేగంగా అది తన హైడ్రోజన్‌ని పెరాక్సిల్‌కి ఇచ్చేసి మంటను అక్కడితో ఆపుతుంది.

ఇచ్చాక విటమిన్ ఈ కూడా రాడికలే, కానీ బద్ధకపు రాడికల్, చటుక్కున ఎవరినీ కరవదు. పొర అంచున నీళ్లలో ఉన్న విటమిన్ సి దానికి ఎలక్ట్రాన్ ఇచ్చి మళ్లీ నిలబెడుతుంది. ఖాళీ అయిన విటమిన్ సి ని గ్లూటాథయోన్ నింపుతుంది. గ్లూటాథయోన్‌ని ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నింపుతుంది. ఆ ఎన్‌ఏడీపీహెచ్ గ్లూకోజ్ నుంచి, జీ6పీడీ అనే ఎంజైము చేతి మీదుగా వస్తుంది. అంటే చెరువు నుంచి మంట దాకా మనుషులు వరసగా నిలబడి బిందెలు అందించుకుంటున్నట్టు. చివర నిలబడ్డవాడికి పది బిందెలు అదనంగా ఇస్తే మంట తొందరగా ఆరదు, నీళ్లు వచ్చే వేగం మారదు కదా. విటమిన్ ఈ గుళిక చేసేది ఆ పదో బిందె పని. వరసలో ఒక మనిషి నిజంగానే లేకపోతే, అంటే విటమిన్ లోపం ఉంటే, అప్పుడు మాత్ర ప్రాణం పోస్తుంది.

వరస మొదట్లోనే బలహీనంగా ఉన్నవాళ్లూ ఉంటారు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకి మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ లాంటి మందు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం కోకాకోలా రంగులోకి తిరుగుతుంది. ఇలాంటివాళ్లకి విటమిన్ సి ఎక్కువ మోతాదు, ముఖ్యంగా సెలైన్‌లో ఎక్కించేది, రక్షణ కాదు, అదే ప్రమాదం. ఆ మోతాదులో విటమిన్ సి తానే పెరాక్సైడ్‌ని పుట్టిస్తుంది. 'గ్లో డ్రిప్' పేరుతో సెలైన్‌లో విటమిన్ సి పెట్టే చోట్ల జీ6పీడీ పరీక్ష అడిగారా లేదా చూడండి. అడగకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మేలు.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు. కొద్దిపాటి పెరాక్సైడ్ కణానికి శత్రువు కాదు, వార్త. కీప్1 అనే ప్రొటీన్ ఆ వార్త అందుకుని ఎన్‌ఆర్ఎఫ్2 అనే ఇంకో ప్రొటీన్‌ని వదిలిపెడుతుంది, అది కేంద్రకంలోకి వెళ్లి కాపలా ఎంజైములను ఎక్కువగా తయారు చేయిస్తుంది. వ్యాయామం వల్ల కలిగే మేలులో కొంత ఈ దారినే వస్తుంది. 2009లో జర్మనీలో రిస్టో బృందం వ్యాయామం చేసే యువకుల్లో సగం మందికి రోజూ 1000 మి.గ్రా. విటమిన్ సి, 400 ఐ.యు. (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) విటమిన్ ఈ ఇచ్చింది. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. వేసుకున్నవాళ్లలో ఆ మెరుగు రాలేదు. జిమ్ నుంచి వస్తూ ఈ రెండు అట్టలూ కొనేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

విటమిన్ సి 500, చప్పరించే బిళ్ల

నాలుగింట్లో నిజాయితీ ఉన్న సరుకు ఇదే. అట్టకి పది పదిహేను బిళ్లలు, ధర పాతిక రూపాయల చుట్టుపక్కల. లోపల చాలావాటిలో కొంత ఆస్కార్బిక్ ఆమ్లం, మిగతాది సోడియం ఆస్కార్బేట్. పూర్తిగా ఆమ్లమే అయితే పళ్లు పులిసిపోయేంత పుల్లగా ఉంటుంది, అందుకని ఆ మేళవింపు. అయినా పళ్ల ఎనామిల్‌కి ఇది మంచిది కాదు. బుగ్గన పెట్టుకుని అరగంట చప్పరించకండి. నమిలి మింగి నీళ్లు పుక్కిలించాలి. వెంటనే బ్రష్ చేయకూడదు, మెత్తబడిన ఎనామిల్ అరిగిపోతుంది. రుచి కోసం చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు అట్ట వెనక చూసుకోవాలి.

మోతాదు సంగతికొద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం రోజుకి మగవాళ్లకి 80, ఆడవాళ్లకి 65 మి.గ్రా. సరిపోతుంది. ఒక బిళ్ల అంటే ఆరేడు రెట్లు. అదంతా ఒంటికి పట్టదు. 200 మి.గ్రా. లోపు తీసుకుంటే అందులో ఎక్కువ భాగం రక్తంలోకి వెళ్తుంది. గ్రాము దాటితే సగం కూడా వెళ్లదు. పేగులో దాన్ని లోపలికి మోసే ప్రొటీన్లకి ఒక హద్దుంది, అటు కిడ్నీలు కూడా రక్తంలో ఒక మట్టం దాటగానే మిగిలింది వదిలేస్తాయి. రోజుకి 200 నుంచి 400 మి.గ్రా. దగ్గరే రక్తంలో మట్టం దాదాపు నిండిపోతుంది, ఆపైన ఎంత మింగినా గీత పెద్దగా కదలదు. కాబట్టి బిళ్లను మధ్యకి విరిచి పొద్దున సగం, రాత్రి సగం తింటే ఒకేసారి ఒకటి మింగినదానికంటే ఎక్కువ దక్కుతుంది. ఖర్చు అంతే.

ఎవరికి పనికొస్తుంది? కూరగాయలు, పళ్లు సరిగా పడనివాళ్లకి, పొగ తాగేవాళ్లకి, చిగుళ్ల నుంచి రక్తం కారుతూ డాక్టరు లోపమని తేల్చినవాళ్లకి. ఐరన్ బిళ్లతో కలిపి వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది, అయితే దానికి ఒక నిమ్మకాయ కూడా సరిపోతుంది. తలసీమియాతో తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకి ఇదే గుణం చేటు. తాళం వేసి ఉన్న ఇనుమును విటమిన్ సి కదిలిస్తుంది, ఫెంటన్ చర్యకి సరుకు అందిస్తుంది. వాళ్లు సొంతంగా ముట్టుకోకూడదు.

జలుబు, కోవిడ్ అని డబ్బాలు డబ్బాలు కొన్న రోజులు గుర్తుండే ఉంటాయి. రోజుకి 8000 మి.గ్రా. విటమిన్ సి, 50 మి.గ్రా. జింక్ గ్లూకోనేట్ విడివిడిగానూ కలిపీ ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష 2021లో వచ్చింది. లక్షణాలు తగ్గడానికి పట్టిన రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడక దాన్ని మధ్యలోనే ఆపేశారు.

తప్పులు జరిగే చోట్లు మూడు. ఒకటి కిడ్నీ రాళ్లు: విటమిన్ సి లో కొంత ఆక్సలేట్‌గా, అంటే చాలా రాళ్లలో ఉండే పదార్థంగా, మారుతుంది. స్వీడన్ మగవాళ్ల మీద 2013లో వచ్చిన పరిశీలనలో ఆస్కార్బిక్ ఆమ్లం మాత్రలు వాడేవాళ్లలో రాళ్లు సుమారు రెట్టింపు కనిపించాయి, అవి ఎక్కువగా గ్రాము మాత్రలు. ఒకసారి రాయి పడినవాళ్లు జామకాయతో సరిపెట్టుకోండి. రెండు ల్యాబ్ పరీక్షలు: మూత్రంలో ముంచే రంగు పట్టీలు చదివేది ఆక్సీకరణనే, అందుకని మూత్రంలో విటమిన్ సి ఎక్కువుంటే షుగర్, రక్తం ఉన్నా లేనట్టు చూపిస్తాయి. పరీక్షకి ముందు ఒకట్రెండు రోజులు బిళ్ల ఆపి, ఆ మాట ల్యాబ్‌లో చెప్పాలి. మూడు నీళ్లలో కరిగే 1000 మి.గ్రా. బిళ్లలు. ఆ బుసబుస సోడియం బైకార్బనేట్ వల్ల వస్తుంది. ఇలాంటి కరిగే బిళ్లల్లో ఒక్కోదాంట్లో గ్రాము ఉప్పుకి సమానమైన సోడియం దాకా ఉండొచ్చు. బీపీ ఉన్నవాళ్లు కూరలో ఉప్పు తగ్గించి గ్లాసులో వేసుకుంటున్నారన్నమాట.

బిళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ఆ మచ్చలున్న చోట విటమిన్ సి అప్పటికే ఆక్సీకరణం చెంది పాడైపోయింది. యాంటీఆక్సిడెంట్ తాను కాలిపోతూ ఎదుటిదాన్ని కాపాడుతుంది, అట్టలో ఉండగానే కాలిపోతే మీ దాకా ఏమీ రాదు. వంటింట్లో పొయ్యి పక్క అలమారలో, కారు డాష్‌బోర్డులో పెట్టకండి. ఫ్రిజ్ కూడా వద్దు, తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. గొట్టంలో వచ్చేవాటి మూత లోపల చెమ్మ పీల్చే గుళికలు ఉంటాయి. మూత తెరిచి ఉంచి గ్లాసు కోసం వెళ్లారంటే వాటి పని మీరే చెడగొట్టినట్టు.

పక్కనే ఉన్న జామ: వంద గ్రాముల్లో 200 మి.గ్రా. పైచిలుకు విటమిన్ సి, పీచు అదనం. ఉసిరికాయకి పాత పట్టికల్లో 600 అని ఉండేది. 2017లో పోషకాహార సంస్థ కొత్తగా వేసిన ఆహార పట్టికల్లో అది 250 దగ్గరకి వచ్చింది. అయినా గొప్పదే, కానీ ఆ 600 అంకె పట్టుకుని అమ్మే ఉసిరి పొడులను నమ్మక్కర్లేదు. ఎండబెట్టి పొడి కొట్టి నెలల తరబడి నిలవ ఉంచితే మిగిలేది ఇంకా తక్కువ. రాగి చెంబులో ఉసిరి రసం, నిమ్మరసం పోసి ఉంచే అలవాటు ఈమధ్య పెరిగింది. అది రెండు విధాలా తప్పు. పులుపుకి రాగి కరుగుతుంది, ఆ రాగి విటమిన్ సి ని వేగంగా ఆక్సీకరణం చేస్తుంది. స్టీలు గ్లాసు చాలు.

విటమిన్ ఈ 400, ఆకుపచ్చ గుళిక

ఇది తెలుగిళ్లలో మందు కంటే సౌందర్య సాధనం. సూదితో పొడిచి ముఖానికి, జుట్టుకి రాస్తారు. అట్ట మీద చూడండి: టోకోఫెరిల్ అసిటేట్ అని ఉంటుంది. విటమిన్ ఈ పని చేసేది దాని చివరనున్న ఒక హైడ్రాక్సిల్ గుంపుతో (పైన చెప్పిన రాడికల్ కాదు), మంటకి ఇచ్చే హైడ్రోజన్ ఉండేది అక్కడే. అసిటేట్‌లో ఆ చోటికి మూత వేసి ఉంటుంది, అందుకే గుళిక ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటుంది. మింగితే పేగులోని ఎంజైములు ఆ మూత తీస్తాయి. చర్మం మీద మూత ఊడేది కొద్దిగానే. అంటే ముఖానికి రాసుకున్నది చాలావరకు ఏ పనీ చేయని జిడ్డు నూనె. 1999లో ఆపరేషన్ మచ్చల మీద విటమిన్ ఈ రాసి చూసిన చిన్న పరీక్షలో మచ్చలు తగ్గలేదు, పైగా మూడోవంతు మందికి చర్మం దురదలతో ఎర్రబడింది. మొటిమలున్న ముఖానికి ఈ చిక్కటి నూనె ఇంకా చేటు.

మింగేవాళ్ల సంగతి. పేరులో 'డీఎల్' అని ఉంటే ఫ్యాక్టరీలో చేసింది, ఎనిమిది రూపాల కలగలుపు. లివర్‌లో ఉండే ఒక ప్రొటీన్ వాటిలో సగాన్నే రక్తంలోకి పంపుతుంది. 'డీ' అని మాత్రమే ఉంటే సహజమైంది. 400 మి.గ్రా. డీఎల్ అసిటేట్ (అదే 400 ఐ.యు.) అంటే పనికొచ్చే లెక్కలో సుమారు 180 మి.గ్రా. అమెరికా సిఫారసు రోజుకి 15 మి.గ్రా. మనం వంటకి వాడే పొద్దుతిరుగుడు నూనె ఒక పెద్ద చెంచాలోనే అయిదు మి.గ్రా. పైన ఉంటుంది, వేరుశనగపప్పు, బాదం వేరే. మామూలు తిండి తినేవాళ్లలో విటమిన్ ఈ లోపం అరుదు. అది కనిపించేది ఎక్కువగా కొవ్వు ఒంటికి పట్టని జబ్బులున్నవాళ్లలోనే.

ఇక పెద్ద పరీక్ష. 2001లో మొదలైన సెలెక్ట్ అనే పరీక్షలో 35,533 మంది మగవాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ రాకుండా ఉంటుందని విటమిన్ ఈ, సెలీనియం ఇచ్చారు. ఇచ్చింది సరిగ్గా ఈ కౌంటర్ మీద ఉన్న రకమే: ఫ్యాక్టరీ అసిటేట్, 400 ఐ.యు. లాభం కనబడక 2008లో ఆపేశారు. 2011లో లెక్కలు మళ్లీ చూస్తే విటమిన్ ఈ ఒక్కటే మింగినవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. 2012లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 78 పరీక్షలను, దాదాపు మూడు లక్షల మందిని కలిపి చూసి, బీటా కెరోటిన్, విటమిన్ ఈ మాత్రలు మరణాలను తగ్గించలేదు సరికదా కాస్త పెంచుతున్నట్టుందని రాసింది.

రక్తం పలచబడే మందులు, అంటే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్లకి ఇది రక్తస్రావం ముప్పు పెంచుతుంది. ఆపరేషన్ ఉందంటే సర్జన్‌కి, మత్తు డాక్టరుకి ఈ గుళిక పేరు కూడా చెప్పాలి. విటమినే కదా అని చాలామంది మందుల చిట్టాలో రాయరు.

అలాగని పనికిరాని మందు కాదు. షుగర్ లేకుండా లివర్‌లో కొవ్వు, వాపు రెండూ ఉన్నవాళ్లకి రోజుకి 800 ఐ.యు. సహజ విటమిన్ ఈ ని 96 వారాలు ఇచ్చిన పరీక్ష 2010లో వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో 43 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 19 శాతం మందికి బయాప్సీలో మెరుగు కనిపించింది. ఇది డాక్టరు చూసి రాసే వైద్యం, కౌంటర్ దగ్గర తేల్చుకునేది కాదు. రాస్తే అన్నం తిన్నాక, నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాతే మింగాలి. ఖాళీ కడుపున కాఫీతో మింగితే చాలావరకు పట్టకుండానే బయటికి పోతుంది.

ఎర్ర సాఫ్ట్‌జెల్

మూలకాల జాబితా చాంతాడంత ఉంటుంది: బీటా కెరోటిన్ లేదా లైకోపీన్, జింక్, సెలీనియం, రాగి, మాంగనీస్, గ్రీన్ టీ సారం. రివ్యూ రాయడానికి చిక్కు సరుకు, ఎందుకంటే లేబుల్ చదవడమే ఒక విద్య. 'బీటా కెరోటిన్ 30 శాతం డిస్పర్షన్ 10 మి.గ్రా.' అని ఉంటే అందులో అసలు బీటా కెరోటిన్ 3 మి.గ్రా. కావచ్చు, 10 కావచ్చు. రాసిన తీరులో ఆ సంగతి తేలదు. లైకోపీన్ పక్కన '10 శాతం' అని ఉన్నా ఇదే తకరారు. మోతాదు తేలని సరుకుకి మార్కులు వేయడం ఎలా?

బీటా కెరోటిన్ కథ మాత్రం తేటతెల్లం. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకి రోజూ 20 మి.గ్రా. ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకున్నది 18 శాతం పెరిగింది. ఫలితం 1994లో వచ్చింది. అమెరికాలో పొగతాగేవాళ్లు, రాతినార (ఆస్‌బెస్టాస్) పనివాళ్లు కలిపి 18 వేల మందికి పైగా 30 మి.గ్రా. బీటా కెరోటిన్, విటమిన్ ఏ ఇచ్చి చూశారు. అక్కడ 28 శాతం పెరిగేసరికి 1996 జనవరిలో ఆపేశారు. పొగ నిండిన ఊపిరితిత్తుల్లో, ఆక్సిజన్ ఎక్కువున్న చోట బీటా కెరోటిన్ తానే విరిగి చెడ్డ ముక్కలవుతుందన్నది ఒక వివరణ. సిగరెట్ కానీ బీడీ కానీ, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ చుట్ట కానీ, అలవాటున్న మనిషికి ఈ సాఫ్ట్‌జెల్ కొనివ్వకండి. క్యారెట్, మునగాకు తింటే ఈ భయం లేదు.

సెలీనియం ఇంకో తిరకాసు. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కి అది కావాలి, నిజమే. కానీ రోజుకి 40, 50 మైక్రోగ్రాములు చాలు, అమెరికా పెట్టిన పైహద్దు 400. హద్దు దాటితే మొదట కనిపించేవి జుట్టు రాలడం, గోళ్లు పెళుసెక్కడం, ఊపిరిలో వెల్లుల్లి వాసన. జుట్టు రాలుతోందని ఒక సాఫ్ట్‌జెల్, ఒక మల్టీవిటమిన్, ఒక 'హెయిర్' బిళ్ల కలిపి వేసుకునేవాళ్లు మూడింటిలోనూ సెలీనియం ఉందేమో కూడి చూసుకోవాలి. జింక్ కూడా అంతే. రోజుకి 40 మి.గ్రా. దాటి నెలల తరబడి వాడితే రాగి లోపం వస్తుంది, రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఇలాంటి మిశ్రమాల్లో సాక్ష్యమున్నది ఒక్కటే, అది ఈ డబ్బాలో ఉండదు. వయసు మీద పడ్డాక రెటీనా మధ్యభాగం క్షీణించే జబ్బు మధ్యస్థాయిలో ఉన్నవాళ్లకి కంటి డాక్టర్లు రాసే, ఆరెడ్స్2 అనే పరీక్షలో తేలిన సూత్రం: విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఈ 400 ఐ.యు., లూటీన్ 10, జియాగ్జాంథిన్ 2, జింక్ 80, రాగి 2 మి.గ్రా. (అంత జింక్‌తో రాగి లోపం రాకుండా). దీనికి ముందు జరిగిన ఆరెడ్స్ పరీక్షలోని బీటా కెరోటిన్‌ని ఇందులో తీసేశారు, కారణం పైన చెప్పిందే. అది కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది, మామూలు కళ్లకి ముందుజాగ్రత్తగా పనికిరాదు.

డబ్బా మీద 'ఓరాక్' అంకె, అంటే యాంటీఆక్సిడెంట్ బలం ఇంత అని చెప్పేది, కనిపిస్తే పక్కన పెట్టేయండి. అది గాజు గొట్టంలో కొలిచే లెక్క, ఒంట్లో జరిగేదానికి పొంతన లేదని అమెరికా వ్యవసాయ శాఖ తన ఓరాక్ పట్టికను 2012లోనే తీసేసింది.

గ్లూటాథయోన్

ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది, నెలకి సులువుగా వెయ్యి దాటుతుంది. అమ్మకం కణాల పేరుతో, కొనేది రంగు తేలడానికి. గ్లూటాథయోన్ మూడు అమైనో ఆమ్లాల గొలుసు. పేగు గోడ దగ్గర ఒక ఎంజైము దాన్ని చాలావరకు ముక్కలు చేసేస్తుంది. మిగిలేది గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసీన్, పప్పు, గుడ్డు తింటే వచ్చేవే. 2011లో రోజుకి రెండుసార్లు 500 మి.గ్రా. చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చూస్తే ఆక్సీకరణ గుర్తుల్లో ఏ మార్పూ లేదు. 2015లో ఆరు నెలల పరీక్షలో రక్తంలో మట్టం పెరిగిన మాట నిజం. అయితే మట్టం పెరగడం ఒకటి, జబ్బు తగ్గడం ఒకటి. రెండోది ఇంకా ఎవరూ చూపించలేదు. సూదిమందు జోలికి అసలు పోకండి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2011లోనే తెల్లబడటానికి ఎక్కించే గ్లూటాథయోన్ మీద హెచ్చరిక జారీ చేసింది: చర్మం ఊడే అలర్జీలు, కిడ్నీ, థైరాయిడ్ సమస్యలు.

దీని పేదింటి చుట్టం ఎన్-అసిటైల్ సిస్టీన్ మాత్రం అసలైన మందు. 600 మి.గ్రా. కరిగే బిళ్లగా కఫానికి రాస్తారు. దాని గొప్పతనం ఎమర్జెన్సీ వార్డులో చూడాలి. పారాసెటమాల్ ఎక్కువ మింగితే లివర్‌లో ఎన్‌ఏపీక్యూఐ అనే విషం పుడుతుంది. గ్లూటాథయోన్ ఉన్నంతసేపు దాన్ని పట్టుకుంటుంది, నిల్వ అడుగంటితే లివర్ కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. అసిటైల్ సిస్టీన్ ఇస్తే దాన్నుంచి లివర్ కొత్త గ్లూటాథయోన్ తయారు చేసుకుంటుంది. ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే దాదాపు పూర్తి రక్షణ. మోతాదు మొదట కిలో బరువుకి 150 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 9000. ఇంట్లో ఉన్న రెండు బిళ్లలు కలిపి తాగించి ఊరుకునే వ్యవహారం కాదు. మనిషి బాగానే కనిపిస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొదటి రోజు ఏ లక్షణమూ ఉండకపోవచ్చు, లివర్ దెబ్బ రెండో మూడో రోజున బయటపడుతుంది.

కొనేముందు అట్ట తిప్పి చూడాల్సినవి

ఒకే అరలో రెండు జాతుల సరుకు ఉంటుంది. తయారీ లైసెన్సు నంబరుతో మందుగా వచ్చేది ఒకటి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరుతో ఆహారంగా వచ్చేది ఇంకొకటి, దాని మీద వైద్యానికి కాదు అన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. చిన్నక్షరాల్లో ఆ మాట ఉండి, పెద్దక్షరాల్లో జబ్బుల పేర్లున్నాయంటే ఆ డబ్బా తనతో తానే పోట్లాడుతోందని అర్థం.

క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్ నడుస్తున్నవాళ్లు పై నాలుగింటిలో ఏదీ సొంతంగా వేసుకోకూడదు. ఆ వైద్యంలో కొంత భాగం క్యాన్సర్ కణాలను ఆక్సీకరణతోనే చంపుతుంది. అక్కడ మనకి కాపలా అక్కర్లేదు.

జామకాయ కొనేటప్పుడు మరీ పండి మెత్తబడినవి కాకుండా రంగు తిరుగుతున్నవి ఏరుకోండి. విటమిన్ సి ఎక్కువుండేది తొక్కలో, తొక్కను ఆనుకున్న కండలో. కడిగి తొక్కతోనే తినండి. కోసి డబ్బాలో పెట్టి సాయంత్రం దాకా ఉంచితే కోసిన చోట ఆక్సీకరణం మొదలవుతుంది, కాబట్టి తినబోయే ముందే కోయండి.